నెట్ కోసి నోరు మూయిస్తారా?

పాలకుల చేతికి కొత్త లాఠీ దొరికింది. దానికి చప్పుడు లేదు, ఒంటి మీద వాత తేలదు. హోంశాఖ కార్యదర్శి ఒక్క సంతకం పెడితే జిల్లా జిల్లాయే మూగబోతుంది. దాని పేరు ఇంటర్నెట్ బంద్. ఒక్క 2024లోనే దేశంలో 84 సార్లు ఈ లాఠీ ఆడిందని యాక్సెస్ నౌ సంస్థ లెక్క తేల్చింది.

అదంతా కశ్మీర్ గొడవ, మనకెందుకు అనుకునేవాళ్లు కోనసీమను గుర్తు చేసుకోవాలి. 2022 మే 24న జిల్లాకు అంబేడ్కర్ పేరు పెట్టడం మీద అమలాపురం రగిలింది. మంత్రి ఇల్లు, ఎమ్మెల్యే ఇల్లు తగలబెట్టారు. ఆ దుర్మార్గాన్ని ఎవరూ సమర్థించరు. నిప్పు పెట్టినవాణ్ని పట్టుకోవాల్సిందే. కానీ సర్కారు ఊరందరికీ శిక్ష వేసింది. కొన్నిచోట్ల దాదాపు రెండు వారాలు నెట్ లేదు. ఇంటి నుంచి పనిచేసుకునే సాఫ్ట్‌వేర్ పిల్లలు ల్యాప్‌టాప్‌లు చంకన పెట్టుకుని అవతలి ఒడ్డు సిగ్నల్ కోసం గోదావరి గట్టెక్కారు. యానాం దారి పట్టారు. వాళ్లు చేసిన నేరమేమిటి?

ఆ గోస ఎలాంటిదో ఉద్దానానికి ఒకరు చెప్పాలా? 2018 అక్టోబరు 11న తిత్లీ కొబ్బరినీ జీడినీ కూల్చింది, కరెంటునూ ఫోన్లనూ తీసుకుపోయింది. బతికున్నామని వలసపోయిన బిడ్డకు కబురు పంపలేక తల్లులు తల్లడిల్లారు. అది గాలి చేసిన పని. గాలికి బుద్ధి లేదు. సర్కారుకు ఉండొద్దా?

రేషన్ బియ్యానికి వేలిముద్ర, పింఛనుకు వేలిముద్ర. కొడుకు పంపే డబ్బు ఫోన్లో, గంగపుత్రుడికి తుపాను హెచ్చరిక ఫోన్లో. నెట్ లేకుంటే పని కాదన్నదీ వాళ్లే, నెట్ కోసేదీ వాళ్లే!

వదంతులు ఆపడానికట! వదంతికి టవర్ కావాలా? అది నోటినోటా పోతుంది. ఆగిపోయేది దాన్ని ఖండించే నిజం.

నీరు పల్లమెరుగు. అడ్డుకడితే జనం మరో దారి వెతుక్కుంటారు. 2019 ఆగస్టులో నెట్ కోస్తే, రైళ్లు మళ్లీ తిరిగాక కశ్మీరీలు రైలెక్కి బనిహాల్ పోయి మెయిళ్లు చూసుకున్నారు. 2020లో కొన్ని సైట్లకే అనుమతిస్తే వీపీఎన్‌తో మిగతావి తెరిచారు. దానికీ పోలీసులు కేసులు పెట్టారు. 2011 జనవరిలో ఈజిప్టు సర్కారు తీగలు కోస్తే జనం ల్యాండ్‌లైన్ల నుంచి విదేశీ నంబర్లకు మోడెమ్‌లు కలిపారు. 2019లో హాంకాంగ్ కుర్రాళ్లు బ్లూటూత్‌తో ఫోనుకు ఫోను ముడేశారు. అయితే ఈ దారులన్నీ చదువో డబ్బో ఉన్నవాడికే. రేషన్ షాపు ముందు సంచి పట్టుకున్న అవ్వకు వీపీఎన్ ఏం తెలుసు? బంద్ దెబ్బంతా ఆమె మీదే.

చట్టం లేదా? ఉంది. 2020 జనవరి 10న అనూరాధా భసీన్ కేసులో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది: గడువు లేకుండా నెట్ ఆపకూడదు, ఉత్తర్వును బయటపెట్టాలి. ఒక ఉత్తర్వు 15 రోజులు దాటకూడదని నిబంధన కూడా వచ్చింది. కానీ ఎక్కడ ఎన్నిసార్లు ఆపారో కేంద్రం దగ్గర లెక్కే లేదని 2021 డిసెంబరులో పార్లమెంటరీ స్థాయీ సంఘమే మొట్టికాయ వేసింది. లెక్క రాయనివాడు ఎవరికి జవాబు చెబుతాడు?

సోంపేట బీల మరిచిపోయామా? 2010 జులై 14న మనవాళ్లు నేలకొరిగితే టీవీ కెమెరాలున్నాయి కాబట్టి లోకం చూసింది. ఇప్పుడు ప్రతి రైతు చేతిలో కెమెరా ఉంది. రేపు అలాంటి రోజొస్తే పాలకులు ముందు కోసేది దాన్నే. తుపాకీ కంటే ముందు సిగ్నల్ పోతుంది.

అందుకే ఇప్పుడే అడుగుదాం. నెట్ ఆపిన ఉత్తర్వు అదే రోజు ప్రతి గ్రామ సచివాలయం గోడ మీద తెలుగులో అంటించాలి. కారణం, గడువు, సంతకం కనిపించాలి. ఆ రోజుల్లో వేలిముద్ర లేకుండానే బియ్యం, పింఛను ఇవ్వాలి. ఆసుపత్రుల లైను తెగకూడదు. అదీ చేయలేని సర్కారుకు మన నోటికి తాళం వేసే హక్కు లేదు!