మా ఫీడరు లెక్క మాకు చెప్పించండి

ఆంధ్రప్రదేశ్ విద్యుత్ నియంత్రణ మండలి అధ్యక్షుల వారికి, కర్నూలు.

అయ్యా,

వంశధార ఒడ్డున ఉన్న శ్రీముఖలింగం నుంచి రాస్తున్నాను. మా కరెంటు బిల్లులో వాడిన యూనిట్ల ధర కింద స్థిర ఛార్జీ, కస్టమర్ ఛార్జీ, విద్యుత్ సుంకం, ఆ కింద ట్రూఅప్, ఇంధన సర్దుబాటు. ఈ చివరి రెండింటి పేరుతో ఎప్పుడో కాల్చిన కరెంటుకి ఇప్పుడు కట్టమంటే మా వీధి ముసలమ్మలు రీడింగు తీసే కుర్రాణ్ణి నిలదీస్తున్నారు. పాపం, అతనేం చెప్పగలడు?

2003 విద్యుత్ చట్టం 64వ సెక్షన్ ప్రకారం ధరలు తేల్చే ముందు మీరు ప్రజల అభ్యంతరాలు చూడాలి. కానీ తూర్పు ప్రాంత విద్యుత్ పంపిణీ సంస్థ (డిస్కం) సమర్పించే ధరల ప్రతిపాదనల అన్ని పేజీల్లో మా ఊరికి కరెంటు తెచ్చే ఫీడరు ఎక్కడుందో వెతకడం రైతు వల్ల అవుతుందా? డిస్కంలు ఏటా విద్యుత్ లెక్కల తనిఖీ (ఎనర్జీ ఆడిట్) చేయించాలని 2021లో కేంద్ర నిబంధనలు వచ్చాయి. ఆ ఆడిట్‌కి మీటర్లు కావాలి; వ్యవసాయ పంపుసెట్లకు స్మార్ట్ మీటర్ల ప్రయోగం మొదలైందీ మా శ్రీకాకుళం జిల్లాలోనే. అయినా మీటరు లేని చోట పంపుల వాడకం అంచనాయే. ఆ అంచనా పెంచితే లైన్ల నష్టం తక్కువగా కనబడుతుంది, ఉచిత విద్యుత్ సబ్సిడీ పెరుగుతుంది. గట్టిగా తనిఖీ చెయ్యాల్సింది అక్కడే.

సబ్‌స్టేషన్ నుంచి మా ఫీడరుకి ఎన్ని యూనిట్లు వెళ్లాయి, ఎన్నింటికి బిల్లు పడింది, తేడా ఎంత? ఈ మూడు అంకెలూ మూడు నెలలకోసారి తెలుగులో పంచాయతీ ఆఫీసు బోర్డు మీద పెట్టించండి. 2018లో తిత్లీ తుపాను కూల్చిన స్తంభాల వంటి ఖర్చులు విడిగా చూపించమనండి. శ్రీకాకుళంలో ఒక బహిరంగ విచారణ పెట్టండి. బిల్లులు పట్టుకుని మేమే వస్తాం.

ఇట్లు,
శ్రీముఖలింగం విద్యుత్ వినియోగదారుడు