పాట విన్నారు... మాట వినలేదు!

కొత్త ఆల్బమ్ విడుదలంటే గాయకుడికి పండగే. కానీ 1980 జులై 18న బ్రిటన్‌లో ‘క్లోజర్’ దుకాణాలకు వచ్చేసరికి అందులో పాడిన కుర్రాడు లేడు. సరిగ్గా రెండు నెలల ముందు, మే 18న ఆత్మహత్య చేసుకున్నాడు. పేరు ఇయాన్ కర్టిస్. వయసు 23 ఏళ్లు. ఆ మర్నాడే బృందంతో కలిసి తొలిసారి అమెరికా విమానం ఎక్కాల్సినవాడు!

ఆ బృందం ‘జాయ్ డివిజన్’. బెర్నార్డ్ సమ్నర్, పీటర్ హుక్ బడి స్నేహితులు. 1976లో మాంచెస్టర్‌లో సెక్స్ పిస్టల్స్ కచేరీ చూశాక తామూ బ్యాండ్ పెట్టాలనుకున్నారు. పాడటానికి కర్టిస్, డ్రమ్స్‌కి స్టీఫెన్ మోరిస్ తోడయ్యారు. పంక్ అంటే కోపంతో వేసే కేక. ఆ కేక ఆగాక మిగిలే దిగులే వీళ్ల పాట. దానికే పోస్ట్ పంక్ అని పేరు. 1979లో వచ్చిన తొలి ఆల్బమ్ ‘అన్‌నోన్ ప్లెజర్స్’. నల్లటి అట్ట మీద తెల్లటి అలల గీతలు... ఓ పల్సర్ నక్షత్రం పంపిన రేడియో సంకేతాలవి. ఇప్పటికీ కుర్రకారు టీషర్టుల మీద కనిపిస్తుంటాయి.

బృందానికి పేరొచ్చేదాకా కర్టిస్‌ది ఉపాధి కార్యాలయంలో ఉద్యోగం. వికలాంగులకు పని చూపించడం అతని బాధ్యత. అక్కడికి వచ్చే ఓ యువతి మూర్ఛవ్యాధితో చనిపోవడం అతన్ని కదిలించింది. ఓ పాటే రాశాడు. చిత్రమేంటంటే 1979 జనవరిలో అతనికీ అదే జబ్బని తేలింది. రాత్రి ప్రయాణాలు, నిద్రలేమి, కళ్లు చెదిరే వేదిక దీపాలు... మూర్ఛ ఉన్నవాళ్లకు పడనివన్నీ ఆ వృత్తిలోనే ఉన్నాయి. ఒక్కోసారి పాడుతూనే పడిపోయేవాడు. అతని నృత్యమే అలా ఉంటుంది కాబట్టి అదీ అందులో భాగమే అనుకునేవారు కొందరు ప్రేక్షకులు.

44 నిమిషాలు... 9 పాటలు

‘క్లోజర్’ రికార్డింగ్ 1980 మార్చిలో లండన్‌లోని బ్రిటానియా రో స్టూడియోలో జరిగింది. అది పింక్ ఫ్లాయిడ్ వాళ్లది. నిర్మాత మార్టిన్ హానెట్. మొదటి పాటకి సమ్నర్ గిటార్ వదిలి బేస్ అందుకుంటే, హుక్ గిటార్ పట్టాడు. పాటలు సాగేకొద్దీ వేగం తగ్గుతుంది. ఆఖరి రెండూ అంతిమయాత్రలా నెమ్మదిగా నడుస్తాయి. పియానో, సింథసైజర్ల మధ్య కర్టిస్ గొంతు ఎక్కడో దూరం నుంచి వస్తున్నట్టుంటుంది.

అంత విషాదం రికార్డు చేస్తూనే, విరామంలో ఒకరినొకరు ఆటపట్టించుకునేవారట. ఏప్రిల్లో కర్టిస్ ప్రాణం తీసుకోబోయి బయటపడ్డాడు. ఒకటి రెండు రోజులకే మళ్లీ వేదికెక్కాడు. ‘అతను వేరేవాళ్ల గురించి రాస్తున్నాడనుకున్నాం. మాటల్ని పట్టించుకోలేదు’ అన్నది మిగతావాళ్లు తర్వాతి కాలంలో పదేపదే చెప్పుకున్న బాధ.

అట్ట మీద ఇటలీలోని జెనోవా శ్మశానంలోని ఓ సమాధి శిల్పం ఫొటో. చావును సొమ్ము చేసుకుంటున్నారని విమర్శలొచ్చాయి. నిజానికి కర్టిస్ బతికుండగానే ఎంపికైన ఫొటో అది.

ఆల్బమ్ బ్రిటన్‌లో ఆరో స్థానానికి చేరింది. ఎన్ఎమ్ఈ పత్రిక దాన్ని ఆ ఏటి మేటి ఆల్బమ్‌గా ఎంచింది. మిగిలిన ముగ్గురూ పాత పేరు వదిలేసి ‘న్యూ ఆర్డర్’గా మారారు. 1983లో వాళ్ల ‘బ్లూ మండే’ పన్నెండంగుళాల సింగిల్స్‌లో అమ్మకాల రికార్డు సృష్టించింది. కర్టిస్ భార్య డెబోరా 1995లో అతని జీవితాన్ని పుస్తకంగా రాసింది. 2007లో దాని ఆధారంగా ‘కంట్రోల్’ సినిమా వచ్చింది.

దిగులు పాటలు రాసే ప్రతివాళ్లూ ప్రమాదంలో ఉన్నట్టు కాదు. రాసుకుంటే గుండె బరువు తగ్గేవాళ్లే ఎక్కువ. అయినా మనింట్లో పిల్లలు అలాంటి కవితేదో చూపిస్తే ‘బాగుంది’ అని ఊరుకోకుండా ‘ఇది నీ గురించేనా’ అని పక్కన కూర్చుని అడగాలి. కర్టిస్ నేస్తాలు ఇన్నేళ్లుగా చింతిస్తున్నది ఆ ఒక్క ప్రశ్న అడగనందుకే!