మార్కెట్ సెస్సు – పౌరుల పర్యవేక్షణ

మాఘ ఫాల్గుణములు వచ్చినవంటే అద్దంకి చుట్టుప్రక్కల గ్రామముల కళ్ళాలు ఎర్రబడతాయి. ఎండిన మిర్చిని టిక్కీలకు ఎత్తి లారీలలో గుంటూరు యార్డుకు తోలుతారు. పత్తి బోరెములు జిన్నింగు మిల్లుల దారి పడతాయి. ఆ సరుకు దారిలోనో, యార్డులోనో, మిల్లు గుమ్మములోనో ఒకచోట ఆగుతుంది. ఎవరో సొమ్ము చెల్లిస్తారు. ఒక రశీదు చేతికి వస్తుంది. దానినే మనము సెస్సు అంటాము. చట్టములో దాని పేరు మార్కెట్ రుసుము. ఈ రశీదును చూడని రైతుబిడ్డ మన కళాశాలలో ఉండడు. అయితే ఆ సొమ్ము తరువాత ఏమగుచున్నదో, దాని లెక్కను చూచేవారెవరో అడిగిన విద్యార్థిని మేము ఇంతవరకు చూడలేదు. వాణిజ్యశాస్త్రము చదివేవారు లేని కంపెనీల ఆస్తి అప్పుల పట్టీలను ఏడాది పొడవునా వ్రాస్తూనే ఉన్నారు. ఊరిలో ఉన్న యార్డు పట్టీని మాత్రము ఒక్కసారియు విప్పి చూచినవారు కారు.

ఈ సంచికలో ఈ విషయమును ఎత్తుకొనుటకు కారణమున్నది. కొన్ని విదేశములలో ఒక ఊరు, ఒక జిల్లా తన సరిహద్దులలో జరిగే అమ్మకములపై తానే పన్ను వేసికొని, ఆ సొమ్మును ఎట్లు ఖర్చు చేసినదీ చూచుటకు సామాన్య పౌరులతో ఒక సంఘమును ఏర్పరచుకొంటున్నది. మన దేశములో అమ్మకపు పన్ను ఊరి సొత్తు కాదు. 1939లో రాజగోపాలాచారి గారి మంత్రివర్గము మద్యనిషేధము వలన తగ్గిన ఆదాయమును పూడ్చుకొనుటకు మద్రాసు రాష్ట్రములో సాధారణ అమ్మకపు పన్నును ప్రవేశపెట్టినది. అప్పుడు గుంటూరు జిల్లాలో ఉన్న అద్దంకి కూడ ఆ పన్ను క్రిందికే వచ్చినది. తరువాత 1957లో ఆంధ్రప్రదేశ్ చట్టము, 2005లో వ్యాట్, 2017లో జి.ఎస్.టి. వరుసగా వచ్చినవి. పేరు మారినా ఊరికి దానిపై అధికారము రాలేదు. అమ్మకముపై విధింపబడి, ఒక స్థానిక సంఘము చేతికి వచ్చి, ఆ ప్రాంతపు అవసరములకే వినియోగపడవలసిన సొమ్ము మనకు ఒక్కటే ఉన్నది. అదియే మార్కెట్ రుసుము. కనుక పౌరుల పర్యవేక్షణ అనే మాట మన వద్ద మొదలు కావలసిన చోటు యార్డు గుమ్మమే.

దీని చరిత్ర చిన్నది కాదు. 1933 నాటి మద్రాసు వాణిజ్యపు పంటల మార్కెట్ల చట్టము పత్తి, వేరుసెనగ, పొగాకు పంటలను దృష్టిలో పెట్టుకొని చేసినది. తూకములో మోసము, లెక్కలేని తరుగులు, దళారీల గుడ్డక్రింది బేరములు – వీనినుండి రైతును కాపాడుట దాని ఆశయము. దానిని కొందరు వర్తకులు సవాలు చేయగా, సుప్రీంకోర్టు 1958లో అరుణాచల నాడార్ కేసులో చట్టమును నిలబెట్టినది. మన రాష్ట్రములో దాని స్థానమున 1966 నాటి వ్యవసాయోత్పత్తుల, పశుసంపద మార్కెట్ల చట్టము వచ్చినది. నేటి మార్కెట్ కమిటీలన్నిటికి అదియే ఆధారము.

సొమ్ము ఎంత అని అడుగుదురేమో. మిర్చి ధర పడిపోయిన 2025 ఫిబ్రవరిలో కేంద్రప్రభుత్వము మార్కెట్ జోక్య పథకము క్రింద క్వింటాలుకు 11,781 రూపాయలుగా ధర నిర్ణయించినది. ఆ ధరకు నూటికి ఒక రూపాయి చొప్పున కట్టితే క్వింటాలుకు 117 రూపాయల 81 పైసలు. టిక్కీ ఇంచుమించు నలుబది కిలోలనుకొందము. నూరు టిక్కీలకు 4,712 రూపాయలు. ఒక చిన్న రైతు ఇంటిలో ఒక విద్యార్థి పుస్తకములకు, పరీక్ష ఫీజునకు అయ్యే ఖర్చుతో దీనిని పోల్చి చూడవచ్చును.

ఇక్కడ ఒక ఆక్షేపణ రాగలదు: రుసుము చెల్లించవలసినది కొన్నవాడు గదా, రైతుకేమి అని. చట్టము మాట అంతే. కాని వర్తకుడు ధర పలుకునప్పుడే రుసుమును, కమీషనును, హమాలీని, లారీ బాడుగను మనస్సులో తీసివేసికొని పలుకుతాడు. తక్‌పట్టీలో ఆ పద్దు కనబడకపోవచ్చును. ధరలో మాత్రము అది ఉండనే ఉన్నది. కనుక చెల్లించినవారు ఇద్దరు – చేయి చాచినవాడు వర్తకుడు, భారము మోసినవాడు రైతు. లెక్క అడిగే హక్కు ఇద్దరికిని కలదు.

ఈ హక్కు మేము కల్పించి చెప్పేది కాదు. పన్నుకును రుసుమునకును భేదమున్నది. పన్ను ఖజానాలో కలిసిపోతుంది. రుసుము ఏదో ఒక సేవకు బదులుగా తీసికొనేది. పంజాబులో మార్కెట్ రుసుమును నూటికి రెండు రూపాయలనుండి మూడు రూపాయలకు పెంచినప్పుడు వర్తకులు సుప్రీంకోర్టుకు పోయినారు. 1979లో కేవల్ కృష్ణ పురి కేసులో న్యాయస్థానము ఆ పెంపును కొట్టివేసినది. వసూలైన దానిలో అధికభాగము చెల్లించినవారి మేలునకే ఖర్చయినట్లు చూపవలెనని చెప్పినది. ఆ కేసులో ఒక ముచ్చట మన కళాశాలవారు ప్రత్యేకముగా చదువదగినది. మార్కెట్ సొమ్మునుండి ఫరీద్‌కోట్‌లోని ఒక వైద్యకళాశాలకు విరాళమివ్వదలచిన సంగతి అక్కడ చర్చకు వచ్చినది. వైద్యకళాశాల మంచి పనియే. కాని అది ధాన్యము అమ్మినవాని, కొన్నవాని రుసుముతో చేయవలసిన పని కాదని న్యాయమూర్తులు భావించినారు. విద్యాసంస్థవారమై ఉండి ఈ మాట వ్రాయుట మాకు కొంచెము కష్టముగానే ఉన్నది. అయినను మంచి పని అన్న పేరు సొమ్ము దారిని మార్చుటకు చాలదు.

నాలుగేండ్లకు మన రాష్ట్రపు కేసే వచ్చినది. రుసుమును నూటికి అర్ధరూపాయినుండి ఒక రూపాయికి పెంచుటను వర్తకులు ప్రశ్నింపగా, 1983లో శ్రీనివాస జనరల్ ట్రేడర్స్ కేసులో సుప్రీంకోర్టు పెంపును సమర్థించినది. రుసుమునకును సేవకును పైసా పైసాగా తూకము సరిపోనక్కరలేదని, స్థూలమైన సంబంధమున్న చాలునని తీర్పు. ఈ తీర్పు తరువాత పర్యవేక్షణ అవసరము తగ్గినదని కొందరనుకొంటారు. మా అభిప్రాయము దీనికి విరుద్ధము. న్యాయస్థానము పైసలు లెక్కించుట మానుకొన్నప్పుడు ఆ పని ఇంకెవరో చేయవలెను గదా.

మార్కెట్ కమిటీయే ఆ పని చేయుచున్నదని ప్రభుత్వము చెప్పవచ్చును. దానిలో రైతులున్నారు, లైసెన్సుదారులైన వర్తకులున్నారు, అధికారులున్నారు. అధ్యక్షుడు రైతులలోనుండియే వస్తాడు. కాగితముపై ఇది చెల్లించినవారి సభయే. అయితే ఈ సభ్యులను నియమించేది ప్రభుత్వము. పత్రికలు దీనిని నామినేటెడ్ పదవి అని పిలుచుట ఊరకనే కాదు. ప్రభుత్వము మారితే కమిటీ మారుతుంది. ఖాళీగా ఉన్న కాలములో ఒక అధికారి పర్సన్ ఇన్‌ఛార్జిగా కూర్చుంటాడు. అంతకన్న ముఖ్యమైనది, ఖర్చుకు తీర్మానము చేసేది ఈ కమిటీ. ఆ ఖర్చు సరియైనదా అని చూచేదియు ఈ కమిటీయే. ఆదాయములో కొంతభాగము కేంద్ర మార్కెట్ నిధికి పోతుంది. పేరులో కేంద్రమని ఉన్నను అది రాష్ట్రస్థాయి నిధియే. అక్కడికి పోయినదానిని గురించి యార్డులో అడిగిన ప్రయోజనము లేదు. శాఖాపరమైన ఆడిట్ లేకపోలేదు. కాని ఆడిట్ వోచరు ఉన్నదా అని చూస్తుంది. గిడ్డంగి కప్పు కారుచున్నదా అని చూడదు.

మా అనుభవము ఒకటి. కొంతకాలము క్రిందట మేము కొందరము ఒక యార్డుకు పోయి గత సంవత్సరపు జమాఖర్చులు చూడగోరినాము. గుమాస్తాగారు మర్యాదగా కుర్చీలు వేయించి, టీ తెప్పించి, పై కార్యాలయములో అడుగుడన్నారు. పై కార్యాలయమువారు యార్డులోనే అడుగుడన్నారు. ఎవరును లేదనలేదు, ఎవరును ఇవ్వలేదు. అందులో దోషము దాచినారని మేము అనము. అడిగినవానికి చూపవలెనన్న అలవాటు అక్కడ లేదు, అంతే.

ఇప్పుడు ఇతర దేశమునందలి ఒక ఉదాహరణమును చూతము. అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రమందలి ఆరెంజి కౌంటీ ప్రజలు 1990లో ఓటువేసి, రోడ్లు రవాణాల కొరకు డాలరుకు అర సెంటు అమ్మకపు పన్నును ఒప్పుకొన్నారు. లెక్క వేసిన ఇదియు నూటికి అర్ధరూపాయియే. 2006లో మరల ఓటువేసి దానిని 2041 వరకు పొడిగించినారు. ఆ పన్నుపై పదకొండుగురి పర్యవేక్షక సంఘమున్నది. పదిమంది పౌరులు, ఒక్కరు కౌంటీ లెక్కల అధికారి. ఆ పదిమందిలో ఎన్నికైన నాయకులకు ప్రవేశము లేదు. సభ్యులను ఖర్చుచేసే రవాణా సంస్థ ఎంచదు; గ్రాండ్ జ్యూరీలో పనిచేసిన పౌరుల సంఘము దరఖాస్తులను వడపోస్తుంది; మిగిలినవారి పేర్లతో చీటీలు తీస్తారు. ఏటేటా బహిరంగ విచారణ జరిపి, ఓటర్లకు చెప్పిన పనులకే సొమ్ము పోయినదో లేదో ఈ సంఘము తేల్చి చెప్పవలెను. సంఘము చేతిలో డబ్బు లేదు, కాంట్రాక్టు లేదు. చూచుట, అడుగుట, చెప్పుట – ఇదే దాని ముఖ్యమైన పని. అక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబములు కూడ ఈ పన్ను చెల్లిస్తున్నవి.

దీనిని చూచి అతిగా మురియనక్కరలేదు. అదే ఆరెంజి కౌంటీ 1994 డిసెంబరులో దివాలా ప్రకటించినది. ఖజానా అధికారి జూదమువంటి పెట్టుబడులు పెట్టి నూరుకోట్ల డాలర్లకు పైగా పోగొట్టినాడు. రవాణా సంస్థ సొమ్ము కూడ ఆ ఖజానాలోనే ఉన్నది. పౌరసంఘము ఖర్చును చూచినదే గాని, ఖర్చుకాక ముందు సొమ్ము ఎక్కడ నిలువ ఉన్నదో చూచుట దాని పని కాదు. మన యార్డులకు సంఘము వేసికొనునప్పుడు బ్యాంకు డిపాజిట్ల పట్టీని కూడ అడగవలెనని ఈ దివాలా మనకు చెప్పుచున్నది.

అంత దూరము పోనక్కరలేకుండ మన రాష్ట్రములోనే ఒక మార్గము చూచినాము. 2005 నాటి ఉపాధిహామీ చట్టములో 17వ సెక్షను గ్రామసభకు సామాజిక తనిఖీ అధికారమిచ్చినది. 2006 నుండి ఆంధ్రప్రదేశ్‌లో కూలి కుటుంబముల యువకులకు శిక్షణ ఇచ్చి, మస్టరు రోల్సు చేతపట్టించి ఇంటింటికి పంపినారు. నీవు ఎన్ని దినములు పనిచేసితివి, ఎంత ముట్టినది అని అడిగి, తేడాలను మండలములో ప్రజావేదికపై చదివించినారు. 2009లో ఈ పనికి ప్రత్యేకముగా ఒక సొసైటీని ఏర్పరచి, పనులు చేయించే శాఖనుండి తనిఖీని వేరుచేసినారు. పదవ తరగతి చదివిన పిల్లలు ఇంజినీరు కొలతల పుస్తకమును ప్రశ్నించినారు. పట్టుబడిన సొమ్మంతయు తిరిగి రాలేదు. అది ఆ పద్ధతి యొక్క పెద్ద లోపము. అయినను పద్దు చదువుట పెద్ద చదువులవారికే సాధ్యమన్న భ్రమ అక్కడ తొలగిపోయినది.

మార్కెట్ రుసుమునకు ఈ పద్ధతి ఎందుకు తగదు? యార్డు పరిధిలోని రైతులు, హమాలీలు, చిన్న వర్తకులు, ఉపాధ్యాయులలో ఇష్టపడినవారి పేర్లు తీసికొని చీటీలు వేసి తొమ్మిదిమందిని ఎన్నుకొనవచ్చును. ఏ పార్టీ పదవియు ఉన్నవారు, యార్డు కాంట్రాక్టు చేసేవారు అందులో ఉండరాదు. ఖర్చయిన తరువాత కాక, బడ్జెటు తీర్మానమునకు ముందే వారికి కాగితములు అందవలెను. లేనిచో వారి సలహా పెండ్లి అయిన తరువాత జాతకము చూచినట్లగును. సెస్సు ఎంత వచ్చినది, చెక్‌పోస్టు సిబ్బందికి ఎంత పోయినది, షెడ్లకు, తూకములకు, త్రాగునీటికి ఎంత, పంటను గిడ్డంగిలో ఉంచుకొని రైతుకు అప్పు ఇచ్చే రైతుబంధు పథకమునకు ఎంత, అది ఎందరికి అందినది – ఈ పద్దులను పెద్ద అక్షరములతో గుమ్మము గోడపై వ్రాయించవలెను. తెలంగాణలో 2018లో అదే పేరుతో వచ్చిన పెట్టుబడి సాయము వేరు. మన వద్ద ఉన్నది తాకట్టు ఋణము. ధర పడిన ఏట పంటను తెగనమ్ముకొనకుండ రైతును ఆపగలిగినది ఈ ఋణమే. దీనికి సొమ్ము చాలలేదన్న సమాధానము వచ్చినప్పుడు మిగిలిన సొమ్ము ఎక్కడ ఉన్నదని అడుగుటకు ఎవరైనా ఉండవలెను.

గోడపై లెక్క వ్రాయుట కొత్త వింత అనుకొనేవారికి మన ఊరి శాసనమునే గుర్తుచేస్తాము. క్రీ.శ. 848 నాటిదిగా పండితులు నిర్ణయించిన పండరంగని అద్దంకి శాసనమును మనము తరువోజ పద్యము కొరకు చదువుకొంటాము. అది దానపత్రము కూడ. దేవునికి ఇచ్చిన నేల ఎంతో, ఇచ్చినదెవరో పదిమంది చూచేచోట రాతిపై చెక్కించినారు, బీరువాలో పెట్టలేదు.

పట్టణములలో వార్డు కమిటీలుండగా వేరే సంఘమెందుకని అడుగవచ్చును. రాజ్యాంగము వానిని మూడు లక్షల జనాభా గల పట్టణములకే తప్పనిసరి చేసినది. అద్దంకివంటి ఊరికి ఆ దారి లేదు.

ప్రభుత్వము సంఘమును వేసేవరకు కూర్చుండవలెనా? సమాచారహక్కు చట్టము 2005 నుండి మన చేతిలో ఉన్నది. మన రాష్ట్ర నియమముల ప్రకారము గ్రామస్థాయి కార్యాలయములో దరఖాస్తునకు రుసుము లేదు. మండలస్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10 రూపాయలు. ముప్పది దినములలో జవాబు రావలెను. కళాశాల కమిటీవారికి మా విన్నపమొకటే. వాణిజ్యశాస్త్ర విద్యార్థులు నలుగురిని, ఇతర శాఖలనుండి నలుగురిని ఎంచి, రాబోయే విద్యాసంవత్సరములో ఒక మార్కెట్ కమిటీ మూడేండ్ల జమాఖర్చులను తెప్పించుకొని చదువుటకు అనుమతించండి. ఒక అధ్యాపకుడు ప్రక్కనుంటే చాలును. చదివిన దానిని తెలుగులోను ఉర్దూలోను వ్రాయగలవారు మన తరగతులలోనే ఉన్నారు. ఆ పట్టీని వచ్చే సంచికలో అచ్చువేయుదము. దాని ప్రక్కనే, విద్యార్థుల వద్ద ఈ సంచిక పేరిట వసూలైన రుసుము ఎంతో, కాగితమునకు, అచ్చుకూలికి ఎంతెంత పోయినదో కూడ వేసినచో, యార్డువారిని అడుగబోయే మా పిల్లలకు కొంత ధైర్యముగా ఉండును.