స్కూటరుకైతే అరుగుదల... మెషీనుకైతే అమ్మగారి తప్పా?

స్కూటరు షాక్ అబ్జార్బర్లు అరిగిపోతే మన మగవాళ్ళు ఏం చేస్తారో ఎప్పుడైనా గమనించారా? ఆదివారం పొద్దున్నే మెకానిక్ దగ్గరికి తోలుకుపోయి, అక్కడే ఓ టీ తాగి, కొత్తవి వేయించుకుని, "ఇప్పుడు చూడు, ఎంత హాయిగా పోతోందో!" అని మురుసుకుంటూ ఇంటికొస్తారు. ఆ మెకానిక్ పొరపాటున కూడా "మీరు మరీ బరువుగా కూర్చున్నారు సార్, అందుకే పోయాయి" అనడు. "ఎనిమిదేళ్ళయిందిగా, బండి మార్చెయ్యండి" అనీ అనడు. రోడ్లు అలా ఏడిశాయి, వస్తువన్నాక అరుగుతుంది. అంతే!

అదే షాక్ అబ్జార్బర్లు వాషింగ్ మెషీనులో అరిగాయనుకోండి. స్పిన్ మొదలయ్యేసరికి అమ్మవారి జాతరలో పూనకం వచ్చినట్టు ఊగిపోతుంది. దడదడా గోడకి కొట్టుకుంటుంది, జానెడు ముందుకి నడిచొస్తుంది. కింద వాటా ఆవిడ పైకొచ్చి తలుపు తడుతుంది. అప్పుడు ఇంట్లో వినపడే మొదటి మాట ఏవిటి? "ఎన్ని బట్టలు కుక్కావేవిటి అందులో?"

ఒకే సామాను, ఒకే పని, ఒకే రకం అరుగుదల. అయ్యగారి బండిలో ఉంటే అది కాలధర్మం. అమ్మగారి మెషీనులో ఉంటే అది అమ్మగారి మొద్దుతనం! ఈ న్యాయం ఎక్కడిదో నాకు బోధపడదు.

పోనీ ఇంట్లోవాళ్ళకి తెలియదనుకుందాం. తెలిసి వచ్చినవాళ్ళ సంగతి? మా ఇంటికొచ్చిన సర్వీసు కుర్రాడు (కంపెనీ పేరెందుకు లెండి) మెషీను వెనక తలుపైనా ఊడదీయలేదు. రెండు నిమిషాలు చప్పుడు విని, "లైఫ్ అయిపోయింది మేడమ్. ఎక్స్‌ఛేంజ్ ఆఫరుంది, ఇచ్చెయ్యండి" అన్నాడు. లోపల ఏం పోయిందో చెప్పు నాయనా అంటే, "టెక్నికల్ మేడమ్, మీకు అర్థం కాదు" అన్నాడు. ఆడలేక మద్దెల ఓడనడం విన్నాం గానీ, మద్దెల ముట్టుకోకుండానే ఓడనేవాళ్ళని ఇప్పుడు చూస్తున్నాం.

బి.ఏ. చదివినదాన్ని, యంత్రాలతో నాకు చుట్టరికం లేదు. అయినా ఇందులో అర్థం కానిదేముందో మీరే చెప్పండి. ముందువైపు తలుపుండే మెషీనులో బట్టలు తిరిగే డ్రమ్మునీ, దాని చుట్టూ ఉండే తొట్టినీ కలిపి పైనుంచి స్ప్రింగులతో వేలాడదీస్తారు, అచ్చం ఉయ్యాలలాగా. ఉయ్యాలని ఊపి వదిలేస్తే చాలాసేపు ఊగుతూనే ఉంటుంది. చేత్తో పట్టుకుంటే ఆగుతుంది. ఆ పట్టుకునే చెయ్యే షాక్ అబ్జార్బరు! తొట్టి కింద కొన్నిటికి రెండు, కొన్నిటికి ఇంకా ఎక్కువ ఉంటాయి. ఒక గొట్టం, అందులో ఒక కడ్డీ, ఆ కడ్డీ చుట్టూ గ్రీజు పట్టించిన మెత్తటి పట్టీ. కడ్డీ పైకీ కిందికీ కదిలినప్పుడల్లా ఆ ఒరిపిడి ఊపుని మింగేస్తుంది. స్పిన్‌లో డ్రమ్ము నిమిషానికి వెయ్యి, పన్నెండువందల చుట్లు తిరుగుతుంది. ఆ వేగం అందుకునే దారిలో ఒకచోట ఊపు విపరీతంగా వస్తుంది. అది దాటితే మళ్ళీ సర్దుకుంటుంది. ఆ గండం గట్టెక్కించేవి ఇవే. ఏళ్ళ తరబడి ఒరుసుకుంటే పట్టీ అరుగుతుంది, గ్రీజు ఎండుతుంది. మన చెప్పు అట్ట అరగదూ!

అవి పోయాయో లేదో చూడడానికి ఇంజనీరక్కర్లేదు. మెషీను ఆపి, ప్లగ్గు పీకి, తలుపు తీసి, ఖాళీ డ్రమ్ముని చేత్తో కిందికి నొక్కి వదలండి. లేచి నిలబడితే బాగున్నట్టే. బంతిలా పైకీ కిందికీ ఎగురుతూ ఉంటే వాటి పని అయిపోయినట్టే. ప్రతి చప్పుడూ వీటిదే అని నేననను. నేల పల్లంగా ఉన్నా, కాళ్ళ మరలు సరిచెయ్యకపోయినా, ఒక్క దుప్పటే లోపల ముద్ద కట్టినా మెషీను గంతులేస్తుంది. కొత్త మెషీనైతే రవాణాకోసం బిగించిన బోల్టులు విప్పారో లేదో చూడాలి. బేరింగు పోతే దడదడ కాదు, విమానంలా గుర్రుమంటుంది. ఆ ఖర్చు పెద్దది, అప్పుడు కొత్తది కొనుక్కున్నా నేను దెబ్బలాడను.

కానీ షాక్ అబ్జార్బర్లకా? కుక్కరు గాస్కెట్టు పోతే కుక్కరు పారేస్తామా? ఇత్తడి గిన్నెలకి కళాయి పోతే కళాయి వేయించారు గానీ మన అమ్మలు గిన్నెలు విసిరెయ్యలేదు. ఎలుకల బాధకి ఇల్లు తగలబెట్టుకునే తెలివి ఇప్పుడే ఎక్కడినుంచి వచ్చింది? ఆ జత ఖరీదు కొత్త మెషీను ఖరీదులో ఏ మూలకి!

ఇంకో తమాషా, కాళ్ళకింద పెట్టే రబ్బరు బూట్లు. లోపల కీళ్ళు అరిగినదానికి బయట చెప్పులు మార్చడం! చప్పుడు కాస్త తగ్గుతుంది, లోపల కొట్టుకోవడం మాత్రం తగ్గదు. అలాగే వదిలేస్తే తొట్టి డొక్కుకి కొట్టుకుని, బరువుకోసం బిగించిన కాంక్రీటు దిమ్మ మరలు వదులై, గొట్టాలు కదిలి, చివరికి బేరింగుదాకా వస్తుంది. అప్పుడా కుర్రాడి మాట నిజమవుతుంది, "లైఫ్ అయిపోయింది మేడమ్!"

యూరప్‌లో ఈ మాట చెల్లదు. 2021 మార్చినుంచి అక్కడ అమలైన నిబంధనల ప్రకారం, ఒక మోడల్ చివరి మెషీను మార్కెట్లోకి వచ్చాక పదేళ్ళపాటు విడిభాగాలు రిపేరుచేసేవాళ్ళకి దొరకాలి. ఆ జాబితాలో షాక్ అబ్జార్బర్లనీ స్ప్రింగులనీ పేరుపెట్టి మరీ రాశారు. మన దగ్గర 2022 జూలైలో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 'రిపేరు హక్కు' మీద ఒక సంఘాన్ని వేసింది, ఆ డిసెంబరులో పోర్టలూ తెరిచింది. గృహోపకరణాలు అందులో ఉన్నాయి. సంతోషమే. కానీ పోర్టల్ అంటే ఎవరిని అడగాలో చెప్పే బోర్డు. పదేళ్ళు సామాను ఇచ్చి తీరాలన్న మాట వేరు. కంపెనీలవాళ్ళు పండక్కి ఇచ్చే ఆఫర్ల ప్రకటనలకి పెట్టే శ్రద్ధలో పదోవంతు ఆ గొట్టాలమీద పెడితే మనకి ఏ గొడవా లేదు.

కొనేటప్పుడే అడగండి: షాక్ అబ్జార్బర్లు ఎన్నేళ్ళదాకా ఇస్తారు? కాయితం మీద రాసివ్వమనండి. రంగుల గురించీ, ఎన్ని రకాల వాష్‌లున్నాయో దాని గురించీ గంటసేపు చెప్పే కుర్రాడు ఈ ప్రశ్నకి మేనేజరుకేసి చూస్తాడు. చూడనివ్వండి. రిపేరు చేయిస్తే ఒక్కటి కాదు, జత జతా మార్పించండి. ఒకటి బిగుతుగా, ఒకటి వదులుగా ఉంటే మళ్ళీ మొదటికొస్తుంది. మార్చాక పాతవి మీ చేతిలో పెట్టమనండి. కడ్డీ పట్టి లాగి చూడండి. కొత్తది ఒక పట్టాన రాదు. అరిగినదైతే జారుకుంటూ వచ్చేస్తుంది. దాన్ని తీసుకెళ్ళి, "ఎన్ని బట్టలు కుక్కావు" అన్న వారి చేతిలో పెట్టండి.