దీపం ఎవరి కోసం?

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు... ఏ ఊళ్లో చుట్టాలింటికి వెళ్లినా ఒకటే తంతు. తెల్లవారుజామున కొడుకును లేపేది చదువుకోమని, కూతుర్ని లేపేది వాకిలి ఊడ్చి సాన్పి చల్లమని. మా ఇంట్లోనూ అంతే. చేసింది నేనే.

గణాంకశాస్త్రవేత్త సి.ఆర్. రావుగారిని చిన్నప్పుడు తల్లి లక్ష్మీకాంతమ్మ రోజూ 4 గంటలకే లేపి, నూనెదీపం వెలిగించి చదువుకు కూర్చోబెట్టేవారట. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం ఎం.ఏ. చేసి, 1941లో కలకత్తాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో చేరి, దశాబ్దాలు అక్కడే పనిచేశారు. 2023లో, 102 ఏళ్ల వయసులో, ఆయనకు అంతర్జాతీయ గణాంకశాస్త్ర బహుమతి ప్రకటించారు.

అదే సంస్థలో గణిత ఆచార్యురాలు నీనా గుప్తాకు 2021లో రామానుజన్ బహుమతి వచ్చింది. అంతదాకా వెళ్లగల పిల్లల్ని వాకిట్లోనే ఆపుతున్నది మనమే.

లెక్కలంటే ప్రాణమిచ్చే మా అమ్మాయిని రేపు నాలుగింటికి లేపుతాను, చదువుకోమని. మరి వాకిలి సంగతంటారా? తమ్ముడున్నాడుగా!