ఏ విద్యాలయము క్రీడలలో శ్రేష్ఠము?

ఒక విద్యాలయము క్రీడలలో శ్రేష్ఠమైనదని చెప్పుటకు దేనిని కొలతగా గైకొనవలయును? జనులు గుంపులుగా వచ్చి చూచు ఒక్క యాటలోని గెలుపునా, లేక విద్యార్థులాడు సమస్తమైన యాటల ఫలితములనా? ఈ విషయమున అమెరికా సంయుక్త రాష్ట్రముల కళాశాలలవారు చేసికొనిన యేర్పాటు మనము తెలిసికొనదగినది.

ఆ దేశమున కళాశాలల ఫుట్‌బాలు పందెములను లక్షమందికి పైగా కూర్చుండి చూడగల క్రీడారంగములు కలవు. కావున ఫుట్‌బాలులో గెలిచినదే గొప్ప కళాశాల యను భ్రమ యచట సహజము. 1993-94 సంవత్సరమున కళాశాలల క్రీడాధికారుల సంఘమువారు ఒక దినపత్రికతో కలిసి, అన్ని యాటలకును కలిపి యొక కప్పును నెలకొల్పిరి. దానికి నేడు డైరెక్టర్సు కప్పని పేరు. జాతీయపు పోటీలో ప్రథమస్థానము పొందిన జట్టు తన కళాశాలకు 100 మార్కులు తెచ్చును. తరువాతి స్థానములకు క్రమముగా తగ్గును. ఫుట్‌బాలునకు 100 అయిన, కత్తిసామునకును 100. పురుషుల జట్టునకెంతయో స్త్రీల జట్టునకును అంతయే. ప్రథమశ్రేణిలో 19 ఆటలవరకు లెక్కింతురు. వానిలో బేస్‌బాలు, పురుషుల బాస్కెట్‌బాలు, స్త్రీల బాస్కెట్‌బాలు, సాకరు, వాలీబాలు తప్పక యుండవలయును.

చూచువారు లేని యాటను ఆడువాని శ్రమకు సమానమైన విలువనిచ్చుటయే ఈ పద్ధతిలోని సుగుణము. తెల్లవారుజామున లేచి యీదుట నేర్చుకొను బాలిక, వేలకొలది జనుల కరతాళధ్వనుల నడుమ ఆడు యువకునితో సరితూగుచున్నది. ఇది న్యాయమని నా యభిప్రాయము.

అయినను ఇందు రెండు లోపములు కలవు. పెక్కు ఆటలను పోషింపగల ధనవంతమైన సంస్థకే ఈ కప్పు సులభముగా దక్కును. అదియుగాక, ఇది గెలిచినవారి నెంచునే గాని, ఎందరు విద్యార్థులు ఆటస్థలమునకు వచ్చిరని అడుగదు.

మార్కుల మొత్తము ఆటలను కాపాడజాలదనుటకు స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయమే దృష్టాంతము. అది 1994-95 మొదలు 2018-19 వరకు వరుసగా 25 పర్యాయములు ఈ కప్పును గెలిచెను. అట్టి సంస్థ 2020 జూలైలో ధనాభావమును కారణముగా జెప్పి, తన 36 ఆటలలో 11 ఆటలను ఎత్తివేయుదుమని ప్రకటించెను. కత్తిసాము, కుస్తీ వానిలోనివే. 2021 మార్చిలో షేన్ గ్రిఫిత్ అను ఆ సంస్థ విద్యార్థి, దాని చిహ్నము లేని నల్లని దుస్తులు ధరించి కుస్తీలో జాతీయ విజేత యయ్యెను. విద్యార్థులును పూర్వవిద్యార్థులును పట్టు విడువక యాందోళన చేసిరి. మే నెలలో అధికారులు తమ నిర్ణయమును మార్చుకొనిరి. ఆ 11 ఆటలను నిలిపినవి 25 కప్పులు కావు. ఆటయందు ప్రేమగల మనుష్యులు.

మన దేశమునను 1956-57 నుండి విశ్వవిద్యాలయములకు మౌలానా అబుల్ కలామ్ ఆజాద్ ట్రోఫీ ఇట్లే క్రీడలన్నిటిని కలిపి యొసగబడుచున్నది. పెద్ద సంస్థల పద్ధతులను పాఠశాలలు అనుసరించుట సహజము. అనుసరించునప్పుడు వాని లోపములను కూడ తెచ్చుకొననేల? పాఠశాలల క్రీడోత్సవములలో జట్ల మార్కులు కట్టునపుడు, విజేతలకిచ్చు మార్కులకు తోడుగా, పందెమునకు దిగి కడవరకు నిలిచిన ప్రతి బాలునకును బాలికకును ఒక్క మార్కు చేర్పవలయునని నా సూచన. అప్పుడు కడపటివాడుగా వచ్చినవాడును తన జట్టునకు ఏదో తెచ్చినవాడగును. జట్టు నాయకుడు మెరికలవంటి నలుగురిని మాత్రమే గాక, మూలనున్న పిరికివానిని సైతము చేయిపట్టి పిలుచుకొని వచ్చును.

తలిదండ్రులారా, సాయంకాలము బిడ్డ యింటికి వచ్చినపుడు "గెలిచితివా?" యని యడుగుటకు ముందు "ఆడితివా?" యని యడుగుడు. విద్యార్థులారా, ఆ ప్రశ్నకు ఔనని చెప్పగలవారు ఎందరున్న, మీ పాఠశాల క్రీడలలో అంత శ్రేష్ఠము.