లాల్‌బాగ్‌లో తల పైకెత్తి చూడండి!

రెండు రోజులు వరసగా సెలవులొస్తే చాలు.. హిందూపురం, అనంతపురం, మదనపల్లె, చిత్తూరు వైపు ఇళ్లలో బెంగళూరు ప్రయాణం మాట వినిపిస్తుంది. అన్నయ్యో, మేనత్తో, పెళ్లయిన కూతురో.. ఎవరో ఒకరు అక్కడ ఉండనే ఉంటారు. మొదటిరోజు పలకరింపులతో గడిచిపోతుంది. రెండోరోజు పొద్దున్నే పిల్లలు తయారు. ఎక్కడికంటే.. లాల్‌బాగ్‌కి! 'ఒరేయ్, చెట్ల కింద జాగ్రత్త' అని అమ్మమ్మ అంటే, 'పార్కేగా అమ్మమ్మా!' అని నవ్వేస్తారు మనవలు.

అమ్మమ్మ భయం ఉత్తదేం కాదు. లాల్‌బాగ్ అంటే నాలుగు బెంచీలూ, ఓ జారుడుబల్లా ఉన్న కాలనీ పార్కు కాదు. 1760లో హైదర్ అలీ మొదలుపెడితే, టిప్పు సుల్తాన్ దేశదేశాల మొక్కలు తెప్పించి పెంచిన తోట. ఇప్పుడది 240 ఎకరాలు. అందులో వందేళ్లు దాటిన మహావృక్షాలున్నాయి, చెరువుంది, 300 కోట్ల ఏళ్ల నాటి రాతిగుట్ట ఉంది. 1889లో శంకుస్థాపన జరిగిన అద్దాల మేడ ఉంది. బొటానికల్ గార్డెన్ అంటే సగం తోట, సగం అడవి. తోట మన కోసం. అడవి మాత్రం దాని కోసమే ఉంటుంది.

లాల్‌బాగ్‌కి వెళ్లినవాళ్లు అక్కడి పెద్ద బూరుగు చెట్టు ముందు ఫొటో దిగకుండా రారు. వేళ్లు గోడల్లా లేచి ఉంటాయి. వాటి మధ్య నిలబడితే పెద్దమనిషి కూడా చిన్నపిల్లాడిలా కనిపిస్తాడు. అందరూ కెమెరా వంకే చూస్తారు. తల పైకెత్తి చూసేవాళ్లు తక్కువ. బెంగళూరులో ఇలాంటి ఎత్తయిన చెట్ల కొమ్మలకే కొండ తేనెటీగలు పట్టు పెడతాయి. ఇవి పెట్టెల్లో పెంచే ఈగలు కావు. తొర్రలో దాక్కోవు. పెద్ద పట్టును బాహాటంగా వేలాడదీసి, దానిమీద నల్లటి తెర కప్పినట్టు వేలకొద్దీ ఈగలు వాలి ఉంటాయి. దూరం నుంచి చూస్తే గోనెసంచి వేలాడుతున్నట్టే ఉంటుంది.

వాటి మానాన వాటిని వదిలేస్తే మనుషుల జోలికి రావు. గొడవంతా పట్టు కదిలినప్పుడే. ఓ కుర్రాడు సరదాగా రాయి విసరొచ్చు. చెట్టు కింద ఎవరో సిగరెట్టు పొగ వదలొచ్చు. ఒక్కోసారి మనుషుల తప్పేమీ లేకుండానే గద్దలాంటి పక్షి పట్టును తన్ని వెళ్లిపోతుంది, కింద ఉన్నవాళ్లు దొరికిపోతారు. అందుకే దుప్పటి పరిచి పులిహోర డబ్బా విప్పేముందు ఒక్కసారి పైకి చూడాలి. పట్టు కనిపిస్తే అక్కడ కూర్చోవద్దు. అంతే, నిమిషం పని.

ఈగలు లేచాయనుకోండి.. చాలామంది చేసే పొరపాటు చేతులు విసరడం. ఒక ఈగ కుట్టగానే అది వదిలే వాసన మిగతావాటికి 'ఇక్కడే, ఇక్కడే' అని కబురు పంపుతుంది. విసిరేకొద్దీ మరిన్ని ఈగలు కుడతాయి. చేయాల్సింది ఒక్కటే.. పరుగు. చున్నీ, పైటకొంగు, చొక్కా ఏదుంటే దాంతో తల, ముఖం కప్పుకుని, పసిపిల్లల్ని చంకనేసుకుని, ఏ భవనంలోకో, కారులోకో దూరి తలుపులు వేసుకోవాలి. కొండ తేనెటీగలు చాలా దూరం తరుముతాయి కాబట్టి పది అడుగులేసి ఆగిపోతే లాభం లేదు. సినిమాల్లోలాగా చెరువులోకి దూకడం అసలే వద్దు. తల పైకెత్తేదాకా అవి అక్కడే తిరుగుతుంటాయి. పైగా ఈత రానివాళ్లకు నీళ్లే ప్రమాదం.

తప్పించుకున్నాక కొండీలు తీసేయాలి. ఈగ పోయినా కొండి చర్మంలోనే ఉండి విషం దించుతూనే ఉంటుంది. గోరుతో గీకినా, ఏటీఎం కార్డు అంచుతో తోసినా ఫర్వాలేదు, ఎంత తొందరగా తీశామన్నదే ముఖ్యం. తర్వాత సబ్బునీళ్లతో కడిగి ఐసు పెట్టాలి. సున్నం, పసుపు వైద్యాలతో కాలయాపన వద్దు. ఒకటి రెండు కుట్లకు మామూలుగా భయం లేదు. కానీ పెదాలు, నాలుక వాచినా, ఊపిరి అందకపోయినా, ఒళ్లంతా దద్దుర్లు లేచినా, కళ్లు తిరిగినా కుట్టింది ఒక్క ఈగే కదా అని ఊరుకోకూడదు. అది అలర్జీ. నిమిషాల్లో ప్రాణం మీదికి వస్తుంది. పదుల సంఖ్యలో కుట్టినా అంతే. నేరుగా ఆసుపత్రికి వెళ్లాలి. 108 మన దగ్గరే కాదు, కర్ణాటకలోనూ పనిచేస్తుంది.

నోట్లో పెట్టుకోవద్దు!

పెద్దవాళ్లకు ఈగల భయమైతే, పసిపిల్లలకు నోరే ప్రమాదం. రెండు మూడేళ్ల పిల్లలు కనిపించినదల్లా రుచి చూస్తారు. బొటానికల్ గార్డెన్ అంటేనే రకరకాల మొక్కల్ని ఒకచోట పెంచే తోట. కనిపించిన ప్రతి కాయా తినేది కాదు. ఇంటి ముందు పచ్చగన్నేరు మనందరికీ తెలిసిందే. దాని గింజ గుండె కొట్టుకునే తీరునే మార్చేస్తుంది. ఎర్రగా, నల్లచుక్కతో ముచ్చటగా ఉండే గురివింద గింజను నమిలినా ప్రమాదమే. పూసల్లా దండ గుచ్చి పిల్లల మెళ్లో వేసేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు! కుండీల్లో అందానికి పెంచే, పచ్చటి ఆకుల మీద తెల్లమచ్చలుండే డంబ్ కేన్ సంగతి సరేసరి. ఆకు కొరికితే నోరు, నాలుక మండి వాచిపోతాయి. పిల్లాడు మాట్లాడలేడు, అందుకే దానికా పేరు.

పిల్లలేదైనా మింగారని అనుమానం వస్తే మన ఇళ్లలో వెంటనే ఉప్పునీళ్లు కలుపుతారు. అది మానేయాలి. బలవంతంగా వాంతి చేయిస్తే ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. నోట్లో మిగిలింది తీసేసి, నోరు కడిగి, ఆ ఆకో కాయో ఒకటి వెంట తీసుకుని ఆసుపత్రికి వెళ్లాలి. కాయను చూస్తే డాక్టరుకు సగం పని తప్పుతుంది. బొమ్మజెముడు లాంటి మొక్కల పాలు కంట్లో పడితే నలపకుండా పావుగంట మంచినీళ్లతో కడిగి, కంటి డాక్టరుకు చూపించాలి.

ఇక పూలప్రదర్శన. జనవరి 26కి, ఆగస్టు 15కి ఏటా రెండుసార్లు అద్దాల మేడలో జరుగుతుంది. అసలు చాలామంది వెళ్లేదే దీనికోసం. ఇసుక వేస్తే రాలని జనం. నాన్న పూల బొమ్మను ఫొటో తీస్తుంటాడు, అమ్మ చంటిదాన్ని చూస్తుంటుంది, ఐదేళ్లవాడు పక్కనున్న ఎవరి చెయ్యో పట్టుకుని ముందుకెళ్లిపోతాడు. అంతా అరనిమిషంలో. తెలుగు తప్ప మరోటి రాని పిల్లాడు కన్నడం మాట్లాడే పోలీసుకు ఏం చెబుతాడు? బెంగళూరులో తెలుగు తెలిసినవాళ్లకు కొదవలేదు కానీ, అంత జనంలో వాళ్లు ఆ క్షణానికి అక్కడే ఉండాలి కదా.

ఇంట్లో బయల్దేరేటప్పుడే పిల్లాడికి ఆరోజు వేసిన బట్టల్లో సెల్‌ఫోన్‌తో ఒక ఫొటో తీసుకోండి. 'ఏ రంగు చొక్కా?' అని అడిగితే కంగారులో తల్లికి కూడా గుర్తురాదు మరి. తప్పిపోతే ఎక్కడున్నాడో అక్కడే నిలబడమని చెప్పండి. జేబులో ఫోన్ నంబరు రాసిన చీటీ పెట్టండి. ఒక నంబరు మీది, ఇంకోటి బెంగళూరు చుట్టాలది. జనంలో ఒక్కోసారి మీ ఫోనుకు సిగ్నలే అందకపోవచ్చు. ఇంకో తంటా గేట్లది. లాల్‌బాగ్‌కు నాలుగు దిక్కులా నాలుగు గేట్లున్నాయి. 2017 నుంచి మెట్రోలో వచ్చేవాళ్లు పడమటి గేటు దగ్గర దిగుతున్నారు. చూసి చూసి ఇంకో గేట్లోంచి బయటపడి, బండి ఎక్కడుందో తెలియక చుట్టూ తిరిగేవాళ్లు ప్రతి ప్రదర్శనకీ ఉంటారు. 'గేటు దగ్గర కలుద్దాం' అనకుండా ఏ గేటో చెప్పుకోవాలి.

ఆగస్టు అంటే వానలు కూడా. కెంపేగౌడ బురుజు ఉన్న గుట్ట ఎండగా ఉన్నప్పుడు ఎక్కడానికి హాయిగా ఉంటుంది. తడిస్తే మాత్రం జారుతుంది, దిగేటప్పుడు మరీను. నున్నటి చెప్పులతో పరుగు వద్దు. ఏప్రిల్, మే నెలల్లో వెళ్తే సాయంత్రం గాలివాన సంగతి చూసుకోవాలి. బెంగళూరులో ఆ రోజుల్లో పెద్దపెద్ద కొమ్మలు విరిగిపడటం మామూలే. ఉరుము వినిపిస్తే గుట్ట మీదా ఉండకూడదు, చెట్టు కిందా ఉండకూడదు. భవనంలోకో కారులోకో వెళ్లి, చివరి ఉరుము వినిపించాక మరో అరగంట ఆగాలి. వేలాడే పెద్ద కాయల చెట్ల కింద కూడా ఇదే లెక్క. నాగలింగం కాయ పిల్లాడి తలంత ఉంటుంది, అది రాలేముందు చెప్పి రాలదు.

ఎండాకులు దట్టంగా పేరుకున్న చోటికి, పొదల్లోకి పోయిన బంతి కోసం చెయ్యి పెట్టకుండా కర్రతో లాగమని పిల్లలకు చెబితే పాము భయం సగం తీరుతుంది. కాటు పడితే కట్టు కట్టడం, కోయడం, పీల్చడం ఏదీ చేయొద్దు. కాలు కదలకుండా ఉంచి ఆసుపత్రికి చేర్చాలి.

అమ్మమ్మను కూడా తీసుకెళ్తుంటే పొద్దున్నే వెళ్లడం మేలు. 240 ఎకరాలు నడవాలంటే ఆమెకు కష్టం. బ్యాటరీ బండి దొరికితే సరే, లేకపోతే చెరువు గట్టు దగ్గరో, రెండు కోట్ల ఏళ్ల క్రితం రాయిగా మారిన చెట్టు మొద్దును ఉంచిన చోటో నీడన కూర్చోబెట్టి, ఆమె దగ్గరా ఒక ఫోన్ నంబరు చీటీ ఉంచండి. ఆ నీడనిచ్చే చెట్టును మాత్రం ముందు ఒకసారి పైకి చూసి మరీ!